మూడో బేస్ ముందు గట్టు

బేస్‌బాల్ ఆటకి ఇంకా గంట ఉంది, వెండెల్ గ్రేబో బస్సు ఇంకా రాలేదు, నా చేతిలో నీళ్ళ గొట్టం ఉంది. ఈ మూడూ ఒక్కసారి కుదరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. మొదటి బేస్ దగ్గర, రెండో బేస్ దొంగిలించాలనుకునేవాడు నాలుగడుగులు ముందుకు జరిగి మోకాళ్ళు వంచి కాచుకుంటాడే, సరిగ్గా ఆ చోట, మంచం పట్టేంత మేర, తడుపుతున్నాను. పైపైన కాదు, లోపలికి ఇంకేలా. పట్టి, ఆగి, ఇంకనిచ్చి, మళ్ళీ పట్టి. చివర్లో పైన పిడికెడు పొడి మట్టి చల్లేస్తే చూసేవాడికేమీ తెలియదు, కాలు తన్ని లేచేవాడికి తెలుస్తుంది. కెస్లర్ ఊరి జట్టు బతికేదే కాళ్ళ మీద. బంతిని కంచె దాటించే మొనగాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. బ్యాట్‌తో బంతిని అలా ముట్టించి వదిలేసి పరిగెత్తడం, బేస్ మీద నిలబడి బంతి విసిరే పిచ్చర్ కన్నుగప్పి ఇంకో బేస్‌కి పరిగెత్తడం, ఇదీ వెండెల్ ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళకి నేర్పిన విద్య. పరిగెత్తండి నాయనా, ఇవాళ పరిగెత్తండి. చీలమండ దాకా దిగబడుతుంటే మీ పెద్దాయన మొహం ఎలా ఉంటుందో చూడటానికి నేను పొద్దున్నుంచీ తిండి కూడా సరిగా తినలేదు.

ఇది మోసమేమీ కాదు, ఎవరి మైదానం వాళ్ళ చేతుల్లో ఉంటుంది, ఎన్ని నీళ్ళు పట్టాలో ఏ రూల్ పుస్తకమూ చెప్పదు. మూడో బేస్ వైపు సున్నం గీత పడే చోట మట్టిని వేలెడు మందాన బయటికి వాల్చాను, వాళ్ళు మెల్లగా ముట్టించిన బంతి ఆ గీత దాటి పనికిరాని బంతి అయిపోవాలని. బ్యాట్ పట్టుకుని నిలబడే హోమ్ ప్లేట్ ముందు మట్టిని మాత్రం ఇటుకలా గట్టిపరిచాను, మెల్లగా ముట్టించిన బంతి కూడా అక్కడ పడితే ఆగకూడదు, ఎగిరి తిన్నగా మా పిచ్చర్ చేతిలో పడాలి. ఇవన్నీ మా ఆయన మిలోకి తెలుసు. ఇరవయ్యారేళ్ళు ఈ మట్టి చూసినవాడికి తెలియకపోవడమేమిటి. కానీ ఒక్కసారీ చెయ్యలేదు. "మట్టికి పక్షం ఉండకూడదు వెర్నా" అనేవాడు, చర్చిలో పాదిరి కూడా అంత గంభీరంగా మాట్లాడడు. నోరుమూసుకో మిలో. నువ్వు పక్షం లేకుండా ఉన్నందుకు నీకేం ఒరిగిందో నేను చూశాను. ఇవాళ నీ పక్షం నేను వహిస్తున్నాను, అడ్డం రాకు.

హోమ్ ప్లేట్ వెనక చెక్క గదిలోంచి లైల్ మైకు సరిచూసుకుంటున్నాడు, హలో, హలో, ఒకటి రెండు. ఆటగాళ్ళ పేర్లు చదివేది అతనే, గది కప్పు మీద నాలుగు లౌడ్‌స్పీకర్లు పెట్టుకుని ఊరంతటికీ నేనే గొంతునన్న ధీమా అతనికి. "వెర్నా! ఆ మట్టిని అంతలా దువ్వుతున్నావు, పెళ్ళికి పంపిస్తావా ఏమిటి?" మైదానమంతా మోగింది. అప్పుడే వచ్చి నీడ చూసుకుని కూర్చుంటున్న నలుగురూ నవ్వారు. "నీ తల దువ్వుదామంటే అక్కడేమీ మిగల్లేదుగా" అని అరిచాను. ఇంకా నవ్వారు. వీళ్ళే ఆ రోజు ఫైర్ స్టేషన్ హాల్లో ఇనప కుర్చీల్లో కూర్చుని బూట్లు చూసుకుంటూ ఉండిపోయినవాళ్ళు. ఒక్కరైనా లేచి, వెండెల్, అంత మాట అనకు, అంటే ఏం పోయేది? వీళ్ళమీదా నాకు కోపమే, కానీ అందరిమీదా పంచితే కోపం పలచబడిపోతుంది. అందుకని మొత్తం వెండెల్‌కే దాచాను.

గొట్టం కట్టేసి చేతి దంతె తీసుకున్నాను. బేసుల చుట్టూ ఆటగాళ్ళు జారిపడి జారిపడి గుంటలు పడతాయి, అక్కడ మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, మళ్ళీ పైపొర దువ్వాలి. మట్టి ఎలా ఉండాలంటే బూటు ముద్ర పడాలి గాని బూటుకి అంటుకోకూడదు. మిలో ఇంటి తాళంచెవి గుచ్చి చూసేవాడు, తాళంచెవి శుభ్రంగా పైకొస్తే చాలు. మా ఇంటి తలుపు తాళంలో ఎప్పుడూ ఎర్రమట్టి ఉండేది, నేను తిడుతుండేదాన్ని. అతను పోయి మూడేళ్ళయింది, ఆ తాళం నేనింకా తుడవలేదు. పెళ్ళయిన కొత్తలో ఇదేం పిచ్చి అనుకున్నాను. పగలంతా పందుల్ని చూసుకుని, సాయంత్రం ఒక్క ముద్ద తిని, ఇక్కడికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలో రాళ్ళేరే మొగుడు. ఒక్క పైసా ఇచ్చేవాళ్ళు కారు, ఆటలో ఒక బంతి తిన్నగా ఎగిరితే చాలు, అదిగో చూశావా అన్నట్టు నా వైపు చూసేవాడు. నేను చూసేదాన్ని కాదు, పక్కావిడతో కబుర్లలో ఉండేదాన్ని. ఎన్నిసార్లు చూశాడో, ఎన్నిసార్లు నేను చూడలేదో.

పందులు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. ఆ హాల్లో వెండెల్ లేచి నిలబడి, వేలు చూపించి, అందరి ముందూ అన్నాడు: "పందులు కాసుకునేవాడి చేతిలో మైదానం పెడితే పందుల దొడ్డే అవుతుంది. ఆ దొడ్డిలో నా కొడుకు కన్ను పోయింది." మిలో టోపీ రెండు చేతులతో పట్టుకుని, అంచుని గుండ్రంగా తిప్పుతూ, "నిజమే, నేనే చూసుకోవలసింది" అన్నాడు. అంతే. వారం తిరక్కుండా మైదానం కమిటీవాళ్ళు ఇంటికొచ్చి షెడ్డు తాళంచెవి అడిగారు. గుత్తిలోంచి అది ఊడిరాక మిలో గోరు విరిగింది. ఆ తర్వాత ఆరేళ్ళు, ప్రతి ఆదివారం, ఎడమ కంచె అవతల తన పికప్ ట్రక్కులో కూర్చుని అద్దం దించి ఆట చూశాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. ఎవరో లెక్కాచారం లేకుండా మట్టి లాగిపారేస్తుంటే స్టీరింగ్ మీద చెయ్యి బిగిసేది, పక్క సీట్లోంచి నేను చూసేదాన్ని. పోయిన తర్వాత శవం దగ్గర కూడా ఒకాయన, పాపం మంచివాడే, ఆ ఒక్క సంగతి తప్పిస్తే, అన్నాడు. ఆ ఒక్క సంగతి. పాతికేళ్ళ పైన చేసిన పనీ పోయింది, మనిషీ పోయాడు, మిగిలింది ఆ ఒక్క సంగతి. దాన్ని అతని పేరుకి అంటించినవాడు వెండెల్ గ్రేబో. ఆ మచ్చకి బదులు తీర్చుకోకుండా నేను చావను. అందుకే మిలో చనిపోయిన ఎండాకాలంలోనే కమిటీ దగ్గరికెళ్ళి తాళంచెవి నాకివ్వమన్నాను. ఇంకెవరూ అడగలేదు కనక ఇచ్చారు. వెండెల్ మాత్రం మా మైదానంలో కాలు పెట్టనని ఒట్టేసుకుని తొమ్మిదేళ్ళూ మా వాళ్ళనే వాళ్ళ ఊరికి రప్పించుకున్నాడు. ఈ ఏడు ఆఖరి ఆటకి చీటీ తీస్తే మా ఊరొచ్చింది. చీటీ చూసి నేను వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఇప్పుడు మట్టిని చదును చేసే ఉక్కు చాప లాగాలి. చిన్న మోటారు బండికి వెనక కట్టి, మనిషి నడిచే వేగంతో, బయటి నుంచి లోపలికి చుట్లు చుట్టుకుంటూ. గడ్డి అంచుకి ఒక అడుగు దూరంలోనే ఉండాలి. తొందరపడితే చాప ఎగిరి మట్టిని గడ్డిలోకి తోసేస్తుంది, ఆ మట్టి గడ్డి వేళ్ళలో పట్టుకుని రోజురోజుకీ ఎత్తవుతుంది, గట్టు పడుతుంది. గడ్డి మీద పాకుతూ వచ్చిన బంతి ఆ గట్టుకి తగిలితే ఎటెగురుతుందో దేవుడికే తెలియాలి. అన్నిటికంటే ముఖ్యం, ముందురోజు బండి ఎక్కడినుంచి బయటికెళ్ళిందో ఇవాళ అక్కడినుంచి వెళ్ళకూడదు. చాప ఈడ్చుకొచ్చిన మట్టంతా ఆగేది అక్కడే కదా. మిలో షెడ్డు గోడకి ధాన్యం కంపెనీవాళ్ళ క్యాలెండర్ తగిలించి, ప్రతి తేదీ గడిలో ఆ రోజు ఎటునుంచి వెళ్ళాడో రాసేవాడు. మొదటి బేస్, సెంటర్, మూడో బేస్. గడ్డి మీదికి మాత్రం ఎప్పుడూ కాదు. బండి ఆపి, చాప మట్టిలోనే విదిలించి, మడిచి ఎత్తుకుని గడ్డి దాటేవాడు. నడుం నొప్పెట్టినా సరే.

మొదటి చుట్టు. రెండో చుట్టు. మట్టి వెనక నున్నగా పరుచుకుంటూ వస్తోంది, ఆ వాసన, తడిసిన మట్టి వాసన కాదు, దువ్విన మట్టి వాసన, వేరేగా ఉంటుంది. మూడో బేస్ దగ్గరికొచ్చేసరికి ఎప్పటిలాగే కాలు బ్రేకు మీదికి పోయింది. దిగాను. ఇక్కడ బండితో లాగను, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో చేస్తాను, ఎందుకని లైల్ ఒకసారి అడిగితే మోకాళ్ళకి మంచిదని చెప్పాను. లోపలి గడ్డి అంచు వెంట అరచెయ్యి పెట్టి తడుముకుంటూ జరుగుతున్నాను. మొదటి బేస్ దగ్గర తడుపుతాను, గీతలు వాలుస్తాను, వెండెల్ జట్టుని ఏడిపిస్తాను, ఇక్కడ మాత్రం ఆవగింజంత ఎత్తుకూడా ఉండనివ్వను. వాళ్ళ మూడో బేస్‌లో నిలబడే కుర్రాడు ఎవడో నాకు తెలియదు. వాడికి రెండు కళ్ళున్నాయి, అవి అలాగే ఉండాలి.

నాకు తెలుసు. అరచేతికి తెలుసు. ఆ ఆదివారం పక్క పొలం వాళ్ళ ఆవుకి దూడ అడ్డం తిరిగిందని మిలోని పిలిచారు. వెళ్తూ, "చాప నువ్వు లాగేస్తావా వెర్నా, మెల్లగా, క్యాలెండర్ చూసుకో" అన్నాడు. చర్చి హాల్లో ఓవెన్లో నా కొలాచీలున్నాయి, రెండు వందల కొలాచీలు, ఆప్రికాట్ గుజ్జు పెట్టిన తీపి బన్నులు, అవి మాడిపోతాయన్న ధ్యాసే నాకు. క్యాలెండర్ చూడలేదు. బండిని గుర్రంలా తోలాను. చుట్లు అయ్యాక షెడ్డుకి దగ్గరదారని ఇక్కడినుంచే, ఈ లోపలి గడ్డి మీదినుంచే, చాప ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాను. వెనక్కి చూస్తే అంచున కుప్ప కనబడింది. దిగి బూటుతో తొక్కాను, ఇంకా ఎత్తుగా ఉంటే నీళ్ళు కొట్టి మళ్ళీ తొక్కాను. పైకి చదునుగానే కనబడింది. మధ్యాహ్నం ఎండకి అది కుండపెంకులా గట్టిపడింది. మూడో ఇన్నింగ్స్‌లో మా వాడు కొట్టిన బంతి గడ్డి మీద మెత్తగా దొర్లుకుంటూ వచ్చింది, చంటిపిల్ల కూడా పట్టేది, వెండెల్ కొడుకు కర్టిస్ గ్లోవ్ నేలకి ఆనించి వంగాడు. ఆ చప్పుడు నేను కొలాచీల బల్ల దగ్గరినుంచి విన్నాను. అందరూ కర్టిస్ చుట్టూ మూగితే, అప్పటికి ఆవు దగ్గరినుంచి తిరిగొచ్చిన మిలో ఒక్కడే ఈ అంచు దగ్గర కూర్చుని అరచేత్తో తడిమాడు. తడిమి, తలెత్తి, నా వైపు చూశాడు. ఆ ఒక్కసారి నేనూ చూశాను.

ఆ తర్వాత ఆరేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అడుగుతాడని ప్రతి రాత్రీ అన్నం బల్ల దగ్గర గొంతు సవరించుకుని కూర్చునేదాన్ని, అతను బంగాళదుంపలు ఇటు జరపమనేవాడు. బహుశా తెలియదేమో, తన చాపే ఎప్పుడో చేసిన గట్టు అనుకున్నాడేమో, అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. నేనూ చెప్పలేదు. హాల్లో వెండెల్ వేలు చూపించినప్పుడు ఆ వేలు ఒక్క జానెడు పక్కకి జరిగితే నేనున్నాను, మిలో పక్క కుర్చీలోనే, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని. లేవలేదు. అందుకే వెండెల్ అంటే నాకింత అసహ్యం. వాడు తప్పు మనిషిని కొట్టాడు, కొట్టి నన్ను పిరికిదాన్ని చేశాడు.

సున్నం గీతలు గీసే తోపుడు బండి తెచ్చి మూడో బేస్ గీత సగం గీసేసరికి బస్సు వచ్చింది. కెస్లర్ కుర్రాళ్ళు దూకుతూ దిగారు, చివర్లో వెండెల్, తుంటి నొప్పితో ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగాడు. వెనక బ్యాట్ల సంచీ మోసుకుంటూ కర్టిస్. నల్లద్దాలు. ఇప్పుడు ముప్ఫై ఒకటో ముప్ఫై రెండో ఉంటాయి, పొట్ట కూడా వచ్చింది. నేను అటు చూడలేదు, చూడటం నావల్ల కాదు. వెండెల్ తన జట్టు బెంచీ వైపు వెళ్ళకుండా నేరుగా నా దగ్గరికే వచ్చాడు, మూడో బేస్ ముందు, బూటు మొనతో అంచు వెంట గీస్తూ.

"చేత్తో చేశావా?" అన్నాడు.

"చేత్తోనే."

"మొదటి బేస్ దగ్గర మట్టి రంగు వేరుగా ఉంది. బస్సు కిటికీలోంచే కనబడింది. అన్ని నీళ్ళు ఎవరికోసం, నాకేనా?"

"నీకే."

నవ్వాడు. ముసలి దగ్గు కలిసిన నవ్వు. ఆ నవ్వుతో నాలో ఏదో తెగింది. తొమ్మిదేళ్ళుగా అనుకున్నవేవీ నోటికి రాలేదు, అనుకోనిది వచ్చింది. "నవ్వకు వెండెల్. ఆ రోజు ఈ మట్టి లాగింది మిలో కాదు, నేను. ఈ గట్టు నేను చేశాను. తప్పు మనిషిని పట్టుకుని అందరి ముందూ పీకి పారేశావు, చచ్చేదాకా కంచె అవతల కూర్చోబెట్టావు. ఇక మోసుకు తిరుగు." అని అతని మొహం వైపు చూశాను. కుప్పకూలాలి. ఆ కూలడం కోసమే నేనింతకాలం బతికాను కదా అనిపించింది.

కూలలేదు. "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"కర్టిస్ ఆ పొద్దున తొందరగా వచ్చాడు, కారులో కూర్చుని నిన్ను చూశాడు. ఆవిడేమిటి అంత జోరుగా తోలుతోంది అనుకున్నాట్ట. ఆస్పత్రిలో తెలివొచ్చాక చెప్పాడు. కమిటీకి నేను రాసిన కాయితంలో నీ పేరే రాశాను. మీటింగుకి ముందురోజు మిలో మా ఇంటికొచ్చాడు. గడప లోపలికి కూడా రాలేదు. పేరు మార్చమన్నాడు, నీకు తెలియనివ్వద్దన్నాడు."

"నువ్వు మార్చావు."

"మార్చాను. నాకప్పుడు ఎవరో ఒకరు కావాలి వెర్నా. వాడి కన్ను పోయింది. నేనున్నానుగా అంటూ ఒకడు గుమ్మంలోకొచ్చి నిలబడితే, కాదు పొమ్మనేంత మంచితనం నాకు లేదు."

"పందుల దొడ్డి అన్నావు. అది కూడా అతనే అనమన్నాడా?"

వెండెల్ నేల చూశాడు. "అది మాత్రం నాదే" అన్నాడు. "అది అనకుండా ఉండాల్సింది." తన బెంచీ వైపు కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను సున్నం బండి పట్టుకుని అక్కడే ఉన్నాను. వెండెల్ మీద పగ ఎటు పోయిందో వెతుక్కున్నాను, దొరకలేదు. పందుల దొడ్డి అన్న మాటకి మాత్రం కొంచెం మిగిలింది, అది ఆ తడి మట్టికి సరిపోతుంది. మిగతాదంతా వెనక్కి తిరిగి, నేను ఎప్పుడూ చూడనివ్వని వైపు పోయింది. మిలో. నీకు తెలుసు. తెలిసే ముందురోజే వెళ్ళొచ్చావు, చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుని బంగాళదుంపలు అడిగావు. నేను పిరికిదాన్నని నిర్ధారణ చేసుకున్నావు కదూ, లేచి చెప్పగలనో లేదో ఒక్కసారి చూద్దామని కూడా అనుకోలేదు. ఆ హాల్లో నా కుర్చీ నీ కుర్చీకి తగులుతూనే ఉంది, మోచేత్తో ఒక్క పోటు పొడిస్తే లేచేదాన్నేమో. లేవకపోతే లేవకపోయేదాన్ని, అది నా సంగతి. నా తప్పు నాది, మిలో. అదొక్కటే నాకు సొంతంగా ఉన్నది, దాన్ని కూడా అడక్కుండా పట్టుకుపోయావు. నన్ను కాపాడాననుకుంటూ పోయావు, నేనేమో నీ శవం పక్కన నిలబడి, ఆ ఒక్క సంగతి తప్పిస్తే మంచివాడన్న మాట విని తలూపాను. తలూపాను మిలో. నాచేత ఆ పని చేయించావు. ఇంతకంటే ఎవడూ నాకు అన్యాయం చెయ్యలేదు, వెండెల్ కూడా చెయ్యలేదు.

చచ్చినవాడి మీద ఎలా తీర్చుకోవాలి? సమాధి మీద అరిస్తే వినబడదు. పువ్వులు తీసుకెళ్ళడం మానేస్తే ఆ రాతికి ఏం తెలుస్తుంది. కానీ మిలో బతికుండగా కావాలని పట్టుబట్టింది ఒకటే ఉంది, దానికోసం పరాయి గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. ఎవరికీ తెలియకూడదని. సున్నం బండి అక్కడే వదిలేశాను, గీత సగంలోనే. బెంచీలు నిండాయి, ఆ హాల్లో బూట్లు చూసుకున్నవాళ్ళందరూ ఉన్నారు, వాళ్ళ పిల్లలూ ఉన్నారు. మోకాళ్ళకి మట్టితోనే చెక్క గది మెట్లెక్కాను. లోపల లైల్ పేర్ల కాయితం సరిచేసుకుంటున్నాడు.

"ఏమైంది వెర్నా, గొట్టం పగిలిందా? మొహమేమిటి అలా ఉంది?"

"మైకు ఇటివ్వు."

"ఇంకా పావుగంట ఉందే, ముందు జాతీయగీతం..."

"ఇవ్వు లైల్."

ఇచ్చాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. కెస్లర్ బెంచీ చివర కర్టిస్ సంచీలోంచి బ్యాట్లు తీసి వరసగా పెడుతున్నాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి అతని మొహంలోకి చూశాను, చూస్తూనే మాట్లాడాను. నా గొంతు నాలుగు లౌడ్‌స్పీకర్లలోంచి ఒకేసారి బయటికొచ్చింది.

"నేను వెర్నా పొకోర్నీని. కర్టిస్ కన్ను పోయిన రోజు ఈ మట్టి లాగింది మిలో కాదు. నేను."